ఇరవై నిమిషాల్లో సిద్ధమైన ప్రసంగం

మార్టిన్ లూథర్ కింగ్ పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1963 ఆగస్టు 28వ తేదీ. ఆ రోజు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అబ్రహాం లింకన్ స్మారక మందిరం మెట్ల మీద నిలబడి, సుమారు రెండున్నర లక్షల మంది ఎదుట ఆయన తన కలను గురించి చెప్పారు. వక్తృత్వపు పోటీల్లో పిల్లలు ఈనాటికీ ఆ ప్రసంగాన్ని బట్టీపట్టి అప్పజెబుతుంటారు. గొప్ప ప్రసంగమే, సందేహం లేదు. అయితే ఆనాటికే కింగ్ లోకమంతా ఎరిగిన నాయకుడు. ఆయన మాట వినడానికి జనం రైళ్ళెక్కి, బస్సులెక్కి వచ్చారు.

అంతకు దాదాపు ఎనిమిదేళ్ళ ముందు ఆయన చేసిన మరొక ప్రసంగం ఉంది. అప్పుడాయన వయసు 26 ఏళ్ళు. ఊరికి కొత్త. ఇంట్లో మూడు వారాలు కూడా నిండని పసిబిడ్డ. ఏం మాట్లాడాలో ఆలోచించుకోవడానికి దొరికిన సమయం ఇరవై నిమిషాలు. ఆ సాయంత్రం ఆయన మాట విన్న వేలాది మంది మరునాటి నుంచి 381 రోజులపాటు సిటీ బస్సు ఎక్కలేదు. మాటకు ఎంత బలముందో, ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే వాషింగ్టన్ ప్రసంగం కన్నా ఈ ప్రసంగమే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

గురువారం సాయంత్రం

అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ. ఆ ఊళ్ళో సిటీ బస్సు ఎక్కేవారిలో నాలుగింట మూడు వంతులు నల్లవారే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, హోటలు పనివాళ్ళు, కూలీలు. అయినా బస్సులో ముందు పది సీట్లు తెల్లవారికి కేటాయించినవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవారు నిలబడే ప్రయాణం చేయాలి. నడిమి సీట్లలో కూర్చోవచ్చు గానీ, ముందు సీట్లు నిండి ఒక్క తెల్ల మనిషి నిలబడవలసి వచ్చినా ఆ వరుస మొత్తం లేచి వెనక్కి పోవాలి. నల్లవారు, తెల్లవారు ఒకే వరుసలో కూర్చోరాదన్నమాట!

అక్కడి బస్సుల్లో కండక్టరు ఉండడు. ముందు తలుపు దగ్గర డ్రైవరుకు డబ్బు చెల్లించాలి. నల్లవారు చాలాసార్లు డబ్బు కట్టాక కిందికి దిగి, వెనుక తలుపు దాకా నడిచి వెళ్ళి ఎక్కవలసి వచ్చేది. వాళ్ళు అక్కడికి చేరేలోగా డ్రైవరు బస్సు కదిలించుకుపోయిన సందర్భాలున్నాయి. చెల్లించిన డబ్బూ పోయె, బస్సూ పోయె. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషికి 1955లోనే ఈ అవమానం జరిగింది. ఆనాటి నుంచి ఆమె ఎవరూ చెప్పకుండానే సిటీ బస్సు ఎక్కడం మానేసింది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1955 డిసెంబరు 1, గురువారం. ఒక పెద్ద దుకాణంలో కుట్టుపని చేసే 42 ఏళ్ళ రోసా పార్క్స్ పని ముగించుకుని బస్సెక్కారు. నడిమి సీట్లలో మొదటి వరుసలో కూర్చున్నారు. కొంతదూరం వెళ్ళాక ఒక తెల్ల ప్రయాణికుడు నిలబడవలసి వచ్చింది. ఆ వరుసలోని నలుగురినీ లేవమన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు. రోసా పార్క్స్ లేవలేదు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు.

అలసిపోయి లేవలేకపోయిందని తర్వాత చాలామంది రాశారు. ఆ మాటను ఆమె స్వయంగా ఖండించారు. ఒంటి అలసట కాదు, లొంగి లొంగి విసిగిపోయిన అలసట అన్నారు. పైగా ఆమె ఏమీ తెలియని అమాయకురాలు కాదు. నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే జాతీయ సంఘానికి మాంట్‌గోమరీ శాఖలో ఏళ్ళ తరబడి కార్యదర్శిగా ఉన్నారు.

ఆ సంవత్సరమే మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల కూడా ఇలాగే సీటు వదలనందుకు అరెస్టయింది. ఊరు అట్టుడికింది. కానీ ఉద్యమం పుట్టలేదు. ఆ పిల్లది చిన్న వయసు, ఆమెను ముందు నిలబెడితే నెగ్గుకురాలేమని పెద్దలు వెనుకంజ వేశారు. కనుక అన్యాయం జరిగినంత మాత్రాన, జనానికి కోపం వచ్చినంత మాత్రాన ఉద్యమం పుట్టదు.

సైక్లోస్టైల్ చప్పుడు

ఇక్కడ జో ఆన్ రాబిన్సన్ గురించి చెప్పాలి. ఆమె నల్లవారి కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలు. మహిళా రాజకీయ మండలికి అధ్యక్షురాలు. బస్సుల్లో పరిస్థితి మారకపోతే బహిష్కరణ తప్పదని 1954 మే నెలలోనే మేయరుకు ఉత్తరం రాసిన మనిషి. రోసా పార్క్స్ అరెస్టయిన సంగతి తెలియగానే ఆ రాత్రి కళాశాలకు వెళ్ళి, తెల్లవార్లూ కూర్చుని కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. సోమవారం ఒక్కరోజు ఎవరూ బస్సు ఎక్కవద్దని సారాంశం. తెల్లవారేసరికి వేలాది కరపత్రాలు తయారైనాయి. శుక్రవారం నాడు బడులకు, దుకాణాలకు, క్షౌరశాలలకు అవి చేరిపోయాయి. ఊళ్ళోని ప్రధాన దినపత్రిక ఆదివారం ఈ సంగతిని వార్తగా వేసింది. కరపత్రం అందనివారికి పత్రిక అందించింది!

ఈ పని అంతా ఏ ప్రసంగమూ లేకుండానే జరిగిందని గమనించండి.

సోమవారం డిసెంబరు 5. పొద్దున్నే ఇంటి ముందునుంచి వెళ్ళిన బస్సు ఖాళీగా ఉండటం చూసి కింగ్ భార్య కొరెట్టా భర్తను కేకవేసి పిలిచారు. ఆయన కారు వేసుకుని గంటసేపు ఊరంతా తిరిగితే బస్సుల్లో కనిపించిన నల్లవారు ఎనిమిది మందికి మించలేదట. జనం నడుస్తున్నారు, టాక్సీల్లో వెళ్తున్నారు, కొందరు కంచర గాడిదల మీద, గుర్రపు బళ్ళ మీద వెళ్తున్నారు. అదే రోజు ఉదయం కోర్టు రోసా పార్క్స్‌కు పది డాలర్లు జరిమానా, నాలుగు డాలర్లు ఖర్చులు విధించింది.

అనుకున్న ఒక్కరోజు దిగ్విజయంగా గడిచింది. ఇప్పుడేం చేయాలి? ఇంతటితో ఆపితే ఒక హెచ్చరిక చేసినట్టవుతుంది. కొనసాగిస్తే జనం ఎన్నాళ్ళు నిలబడతారు? పనిలోకి ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. వానాకాలం, చలికాలం. మధ్యాహ్నం పెద్దలంతా సమావేశమైనప్పుడు కొందరు పాస్టర్లు తమ పేర్లు బయటికి రాకుండా రహస్యంగా నడిపిద్దామన్నారు. రైళ్ళలో పనిచేసే వృద్ధ కార్యకర్త ఇ.డి. నిక్సన్‌కు ఒళ్ళు మండింది. బట్టలుతికే ఆడవాళ్ళ చందాలతో ఇన్నాళ్ళూ బతికిన మీరు ఇప్పుడు వాళ్ళ కోసం నోరు విప్పరా అని నిలదీశాడు. అక్కడికక్కడే ఒక కొత్త సంఘం ఏర్పడింది. అధ్యక్షుడిగా కింగ్ పేరు ప్రతిపాదించారు. ఊరికి వచ్చి ఏడాది దాటింది, అంతే. ఇంకా ఎవరితోనూ తగాదాలు లేవు, ఎవరి మొహమాటాలూ లేవు. అందుకే అందరికీ ఆమోదమైనాడని తర్వాత చెప్పుకున్నారు. నాయకత్వం కొన్నిసార్లు ఇలా కూడా వస్తుంది.

గదిలో ఇరవై నిమిషాలు

కింగ్ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు గంటలు. ఏడింటికి హోల్ట్ స్ట్రీట్ చర్చిలో బహిరంగసభ. ప్రధాన ఉపన్యాసం ఆయనదే. మామూలుగా ఆదివారం ప్రసంగానికి ఆయన పదిహేను గంటలు కష్టపడేవారు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. ఈ సంగతులు 1958లో అచ్చయిన తన పుస్తకంలో ఆయనే చెప్పుకున్నారు. అందులో అయిదు నిమిషాలు భయంతోనే గడిచిపోయాయట. తర్వాత దైవాన్ని ప్రార్థించి ఆలోచనలో పడ్డారు.

ఆయన ముందున్న చిక్కు ఇది. జనాన్ని కదిలించేంత తీవ్రంగా మాట్లాడాలి. లేకపోతే రేపటికి అంతా చల్లబడిపోతుంది. అలాగని నిప్పు రాజేస్తే ఎవరో ఒకరు కర్ర పట్టుకుంటారు, దానితో వచ్చిన పేరంతా పోతుంది, జైళ్ళు నిండిపోతాయి. తీవ్రత, నిగ్రహం - రెండూ ఒకే నోట రావాలి. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మనసులోనే ఒక క్రమం గీసుకుని బయలుదేరారు.

చర్చికి చాలా దూరంలోనే కార్లు ఆగిపోయి ఉన్నాయి. ఏమైందోనని చూస్తే అంతా సభకు వచ్చిన జనమే. లోపల కాలు పెట్టే చోటు లేదు. బయట వేల మంది. వాళ్ళకోసం లౌడ్‌స్పీకర్లు బిగించారు. కింగ్ కారు దిగి, జనంలోంచి తోసుకుంటూ వేదిక చేరడానికే పావుగంట పట్టింది. ఇంతమందిని చూశాక, ఉద్యమం ఆపాలా కొనసాగించాలా అన్న సందేహం ఆయనకు తీరిపోయింది.

ఏం చెప్పారు?

ప్రారంభంలో ఉద్రేకం లేదు. మనం అమెరికా పౌరులం, పౌరసత్వపు పూర్తి అర్థాన్ని అమలులో పెట్టుకోవడానికి ఇక్కడ చేరాం అన్నారు. తర్వాత బస్సుల సంగతి, గురువారం జరిగిన అరెస్టు సంగతి. రోసా పార్క్స్‌ను పరిచయం చేసిన తీరు చూడండి. మాంట్‌గోమరీలోని ఉత్తమ పౌరుల్లో ఒకరిని అరెస్టు చేశారన్నారు. వెంటనే ఆగి, ఉత్తమ నల్ల పౌరుల్లో ఒకరని కాదు, ఉత్తమ పౌరుల్లోనే ఒకరు అని నొక్కి చెప్పారు. తర్వాత ఆమెను 'శ్రీమతి' చేర్చి ప్రస్తావించారు. ఇందులో విశేషమేముంది అనిపించవచ్చు. ఆ రోజుల్లో దక్షిణాది తెల్లవారు ఎంత పెద్ద నల్ల స్త్రీనైనా ఉత్త పేరుతోనే పిలిచేవారు. మన ఊళ్ళలో ఇంటి యజమాని కొడుకు, పదేళ్ళ కుర్రాడు, తల్లి వయసున్న పనిమనిషిని 'ఏమే' అని పిలవడం ఎరిగినవారికి ఆ 'శ్రీమతి' విలువ చప్పున అర్థమవుతుంది.

అక్కడి నుంచి స్వరం మారింది. అణచివేత ఇనుప పాదాల కింద నలిగి నలిగి మనుషులు విసిగిపోయే ఒక ఘడియ వస్తుందన్నారు. ఆ మాటకు చర్చి దద్దరిల్లింది. నల్లవారి చర్చిల్లో ప్రసంగమంటే ఒకరు చెప్పడం, మిగతావారు నోరు మెదపకుండా వినడం కాదు. ముషాయిరాలో షాయర్ ఒక మిస్రా చదవగానే సభ 'వాహ్‌వా' అంటూ అందుకోవడం మనకు తెలుసు కదా, అక్కడా అలాగే. వక్త ఒక మాట విడిస్తే శ్రోతలు 'అవును', 'చెప్పు' అంటూ దాన్ని పైకెత్తి తిరిగి వక్తకే అందిస్తారు. ఆ రాత్రి కేకలు, చప్పట్లు, చెక్క నేల మీద పాదాల మోత ఆగక, కింగ్ చాలాసేపు నిశ్శబ్దంగా నిలబడవలసి వచ్చింది. ఆనాటి టేపు భద్రంగా ఉంది. వింటే ఆ హోరు ఇప్పటికీ తెలుస్తుంది.

ఎందుకంతగా స్పందించారు? ఆయన చెప్పింది వాళ్ళకు కొత్త విషయం కాదు. ప్రతి ఒక్కరికీ తమ బస్సు, తమ డ్రైవరు, తమ వెనుక తలుపు గుర్తొచ్చి ఉంటాయి. ఇన్నాళ్ళూ ఎవరి అవమానం వారు గుట్టుగా మింగారు. నాకొక్కదానికే జరిగింది కాబోలు, నా నోటి దురుసే కాబోలు అని సరిపెట్టుకున్నారు. మన అందరికీ జరిగింది ఒకటే అని ఒక మనిషి పదిమందిలో గట్టిగా అన్నాడు.

కింగ్ అక్కడితో ఆపి ఉంటే? ఆ జనం ఆ ఊపులో ఏమి చేసేవారో చెప్పలేం. ఆయన ఆ కోపానికి గట్టు కట్టారు. మనం హింసను కోరేవాళ్ళం కాదన్నారు. రాత్రిపూట ముసుగులేసుకుని శిలువలు తగలబెట్టే కూ క్లక్స్ క్లాన్ పద్ధతులు మనవి కావు, ఏ తెల్ల మనిషినీ ఇంట్లోంచి ఈడ్చుకువచ్చి చంపడం ఉండదు అని స్పష్టంగా చెప్పారు. వెంటనే మరో మెట్టు ఎక్కారు. మనం తప్పయితే ఈ దేశపు సుప్రీంకోర్టు తప్పు, రాజ్యాంగం తప్పు, చివరికి సర్వశక్తిమంతుడైన దేవుడే తప్పు అనవలసి వస్తుంది అని ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయారు. చట్టాన్ని ధిక్కరించి వచ్చామేమోనన్న బెరుకుతో కూర్చున్నవారు, చట్టం తమ వైపే ఉందన్న ధీమాతో నిటారుగా కూర్చునేలా చేశాయి ఆ మాటలు. ప్రేమ గురించి చెప్పారు గానీ, ప్రేమ ఒక్కటే చాలదు, పక్కనే న్యాయం నిలబడాలి, నచ్చజెప్పడంతో పాటు నిర్బంధం చేసే ఉపాయాలూ వాడాలి అని కూడా అన్నారు. ప్రాచీన ప్రవక్త ఆమోసు న్యాయాన్ని గురించి చెప్పిన మాటలను గుర్తుచేశారు. చివరగా, రేపు చరిత్ర రాసేవారు ఈ ఊళ్ళో తమ హక్కుల కోసం నిలబడే ధైర్యం గల ఒక జాతి ఉండేదని రాయవలసి వస్తుందన్నారు.

వేదిక మీదే ఉన్న రోసా పార్క్స్ ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడాలా అని ఆమె అడిగితే, మీరు పడింది చాలు, చెప్పింది చాలు అన్నారట. ఆమెను ఆదరించే ఆ అన్నారు, కాదనను. కానీ ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొంచెం బాధ కలుగుతుంది.

తర్వాత కింగ్ మిత్రుడు రాల్ఫ్ అబర్నతీ తీర్మానం చదివారు. డ్రైవర్లు మర్యాదగా ప్రవర్తించాలి. ముందు వచ్చినవారికి ముందు సీటు, నల్లవారు వెనుక నుంచి, తెల్లవారు ముందు నుంచి కూర్చుంటూ రావాలి. నల్లవారు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి. కోరినవి ఇంతే. విభజన పూర్తిగా పోవాలని కూడా అడగలేదు! ఒప్పుకునేవారు లేవండి అనగానే సభ అంతా లేచి నిలబడింది.

నడక

నగరపాలకులు ఆ చిన్న కోరికలు తీర్చి ఉంటే కథ అక్కడితో ముగిసేదేమో. వాళ్ళు ససేమిరా అన్నారు. టాక్సీలు బస్సు చార్జీ పది సెంట్లకే జనాన్ని తీసుకువెళ్తుంటే, 45 సెంట్ల కన్నా తక్కువ తీసుకుంటే కేసు పెడతామని బెదిరించారు. అప్పుడు సంఘం తన సొంత ఏర్పాటు చేసుకుంది. దాదాపు మూడు వందల కార్లు, ఊరంతా ఎక్కే దిగే చోట్లు. 1953లో లూసియానాలోని బాటన్ రూజ్ నగరంలో నల్లవారు బస్సులు మానేసినప్పుడు ఇలాగే కార్లు నడిపారు. ఆ అనుభవం ఉన్న పాస్టరుకు ఫోన్ చేసి కిటుకులు తెలుసుకున్నారు. పెట్రోలుకు, మరమ్మతులకు డబ్బు కావాలి కదా!

ఇక్కడే జార్జియా గిల్మోర్ మళ్ళీ వస్తుంది. ఆమె, తోటి స్త్రీలు కలిసి తలా కొంచెం వేసుకుని కోళ్ళు, రొట్టె కొన్నారు. శాండ్‌విచ్‌లు చేసి అమ్మారు. తర్వాత కేకులు, తీపి పైలు, వేయించిన చేప. తెల్లవారి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళే ఇంటి దగ్గర వండి ఇచ్చేవారు. వారి పేర్లు తెలిస్తే పని ఊడుతుంది. అందుకని ఆ బృందానికి 'ఎక్కడిదీ కాని సంఘం' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. డబ్బు ఎక్కడిది అని ఎవరైనా అడిగితే ఎక్కడిదీ కాదు అని చెప్పవచ్చు! సభ జరిగిన ప్రతిసారీ ఆమె లేచి నిలబడి ఈ వారం వసూలు ఇంత అని చదివితే జనం చప్పట్లతో ముంచెత్తేవారు. 1956 మార్చిలో కింగ్ మీద విచారణ జరిగినప్పుడు కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె ఉద్యోగం పోయింది. కింగ్ ప్రోత్సాహంతో తన వంటింట్లోనే భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది.

వారానికి రెండుసార్లు చర్చిల్లో సభలు జరిగేవి. అంటే డిసెంబరు 5 ప్రసంగం ఒక్కసారి చెప్పి వదిలేసింది కాదు. నడిచి నడిచి కాళ్ళు వాచినవారు సోమవారం, గురువారం వచ్చి కూర్చుని, మరో మూడు రోజులకు సరిపడా బలం పుంజుకుని వెళ్ళేవారు. అందరూ మదర్ పొలార్డ్ అని పిలిచే ఒక వృద్ధురాలిని, ఇక నువ్వు బస్సెక్కు, నీ వయసుకు నడక ఎందుకు అంటే ఒప్పుకోలేదు. అలసిపోలేదా అంటే, పాదాలు అలిసినా ప్రాణానికి హాయిగా ఉంది అన్న అర్థంలో ఆమె చెప్పిన జవాబును కింగ్ జీవితాంతం చెప్పుకున్నారు. ప్రసంగం విన్నవారే ప్రసంగీకుడికి మాటలు నేర్పారు.

1956 జనవరి 30 రాత్రి కింగ్ ఒక సభలో ఉండగా ఆయన ఇంటి మీద బాంబు పడింది. లోపల కొరెట్టా, పసిబిడ్డ ఉన్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన వచ్చేసరికి ఇంటి ముందు వందల మంది నల్లవారు ఆయుధాలతో గుమిగూడి ఉన్నారు. పోలీసుల మాట ఎవరూ వినడం లేదు. అద్దాలు పగిలిన వరండాలో నిలబడి కింగ్ కొద్ది మాటలే చెప్పారు. ఆయుధాలుంటే ఇళ్ళకు తీసుకుపొండి, ద్వేషానికి బదులు ద్వేషం వద్దు, నాకేమైనా ఈ ఉద్యమం ఆగదు అని. జనం నెమ్మదిగా కదిలి వెళ్ళిపోయారు. ఎనిమిది వారాల కిందట చర్చిలో ఆయన చెప్పిన నిగ్రహం ఆ వరండాలో పరీక్షకు నిలబడింది. తన భార్యాబిడ్డల మీద బాంబు పడిన వేళ చెప్పాడు కనుకనే జనం ఆ మాట విన్నారు.

బస్సుల్లో విభజనను చివరకు పడగొట్టింది మాత్రం కోర్టు. ఆ దావా వేసింది ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్, క్లాడెట్ కాల్విన్ అనే నలుగురు స్త్రీలు. అవును, పెద్దలు పక్కనపెట్టిన ఆ బడిపిల్లే! 1956 జూన్‌లో ఫెడరల్ న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. నవంబరు 13న సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరిచింది. అదే రోజు నగరపాలకులు ఉద్యమకారుల కార్లను ఆపించడానికి స్థానిక కోర్టులో కూర్చుని ఉన్నారు. క్లాడెట్ కాల్విన్ మీది పాత కేసు రికార్డును కొట్టివేయడానికి మాత్రం 2021 దాకా పట్టింది. అప్పటికి ఆమెకు 82 ఏళ్ళు.

దూరాన విన్నవారు

ప్రసంగం ఎంతదూరం పోతుందో వక్తకు తెలియదు. సభ జరిగిన వారానికి, డిసెంబరు 12న, మాంట్‌గోమరీ పత్రికలో జూలియెట్ మోర్గన్ అనే తెల్ల గ్రంథాలయ ఉద్యోగిని లేఖ అచ్చయింది. ఈ నడక గాంధీజీ ఉప్పు సత్యాగ్రహాన్ని గుర్తుచేస్తోందని ఆమె రాసింది. కింగ్ నోట అప్పటికి గాంధీ పేరు రాలేదు. ఆ పోలికను బయట పెట్టింది శత్రు పక్షమనుకున్న వర్గంలోని ఒక ఒంటరి స్త్రీ. దానికి ఆమె చెల్లించిన మూల్యం తక్కువ కాదు. తోటి తెల్లవారి వేధింపులు భరించలేని స్థితిలో 1957లో ఆమె జీవితం ముగిసిపోయింది.

అదే డిసెంబరులో, మన ఆదిలాబాదుకు పొరుగునే ఉన్న నాగపూర్‌లో, హిస్లాప్ కళాశాలలో పనిచేస్తున్న జేమ్స్ లాసన్ అనే నల్లజాతి యువకుడు స్థానిక ఇంగ్లీషు పత్రికలో మాంట్‌గోమరీ వార్త చూసి ఆనందం పట్టలేక గంతులేశాడు. గాంధీ మార్గాన్ని అధ్యయనం చేయడానికి వచ్చినవాడు, తన ఇంటి దగ్గరే అది మొదలైందని తెలుసుకున్నాడు. తిరిగి వెళ్ళి 1960 నాటి విద్యార్థి ఉద్యమానికి శిక్షణ ఇచ్చింది ఆయనే. 1959లో కింగ్ దంపతులు మన దేశానికి వచ్చారు. త్రివేండ్రంలో దళిత విద్యార్థుల బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. మొదట కింగ్ నొచ్చుకున్నారు. కాసేపు ఆలోచించాక, నిజమే కదా అనుకున్నారు. ఈ సంగతిని ఆయన 1965లో తన చర్చిలో చెప్పారు. ఒక్క వాక్యపు పరిచయం, అదీ ఒక ప్రసంగమే.

కింగ్ మాటలను అందరూ మెచ్చారని కాదు. మాల్కమ్ ఎక్స్ 1963 వాషింగ్టన్ ప్రదర్శనను దగ్గరుండి చూసి ఎగతాళి చేశారు. జనం కోపాన్ని చల్లార్చడానికి పెట్టిన తమాషా అన్నారు. ఆయనా సామాన్యుడైన వక్త కాదు. 1964 ఏప్రిల్‌లో హజ్‌కు వెళ్ళి, తెల్లని మేనిఛాయ గల ముస్లిములతో ఒకే పళ్ళెంలో తిని, ఒకే వరుసలో నమాజు చేసి వచ్చాక తెల్లవారందరినీ ఒకే గాటకట్టడం మానుకున్నారు. అయినా కింగ్ నిగ్రహంతో ఆయనకున్న పేచీ పూర్తిగా తీరలేదు. 1965 ఫిబ్రవరి 4న, కింగ్ జైల్లో ఉండగా, సెల్మా పట్టణంలోని చర్చిలో మాల్కమ్ మాట్లాడారు. పక్కన కూర్చున్న కొరెట్టాతో, మీ భర్త పని కష్టం చేయడానికి రాలేదు, నా దారి ఎలా ఉంటుందో చూస్తే తెల్లవారు ఆయన మాట వినడానికి ముందుకొస్తారేమో అన్నారు. ఆ తర్వాత 17 రోజులకే ఆయన హత్యకు గురయ్యారు. ఒకే సభకు రెండు గొంతులు అవసరమైన ఇటువంటి సందర్భాలను ఉద్యమ చరిత్రలు రాసేవారు తరచుగా దాటవేస్తుంటారు.

ఇక మాంట్‌గోమరీకి వద్దాం. 1956 డిసెంబరు 21 తెల్లవారుజామున కింగ్, అబర్నతీ, నిక్సన్, తెల్ల పాస్టరు గ్లెన్ స్మైలీ బస్సెక్కారు. మీరు కింగ్ గారు కదూ, మీరు రావడం సంతోషం అన్నాడు డ్రైవరు. కింగ్ ముందు సీట్లో, స్మైలీ పక్కన కూర్చున్నారు. ఆ నెల ముగియకముందే బస్సుల మీద కాల్పులు జరిగాయి, ఒక గర్భిణి కాళ్ళకు తూటాలు తగిలాయి. జనవరిలో చర్చిల మీద బాంబులు పడ్డాయి. ఉద్యమం మొదలైన కొద్ది వారాలకే ఉద్యోగం పోయిన రోసా పార్క్స్ 1957లో ఆ ఊరు విడిచి డెట్రాయిట్ వెళ్ళిపోయారు.

జార్జియా గిల్మోర్ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆమె వంటింటి బల్ల దగ్గర కింగ్ తన సహచరులతో మంతనాలు జరిపేవారు. 1990 మార్చిలో, సెల్మా పాదయాత్రకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా నడిచేవారి కోసం ఆమె పొద్దున్నే లేచి కోడి, మాకరోనీ వండుతూ అస్వస్థురాలై మరణించింది. ఆ వంటకాలనే పరామర్శకు వచ్చినవారికి ఇంటివారు వడ్డించారు.